సెల్ఫ్ తీసుకోని కారు: బ్యాటరీ మార్చే ముందు వైర్లనూ ఎర్తునూ మీటరుతో పరీక్షించడం ఎలా

తాళం తిప్పితే "టిక్" అని ఆగిపోయే కారుకు మన దగ్గర మొదట చేసే వైద్యం బ్యాటరీ మార్చడం. కొత్తది వేయగానే బండి స్టార్ట్ అవుతుంది. నెలో, రెండు నెలలో గడిచాక మళ్ళీ అదే "టిక్". తప్పు మొదటి నుంచీ వైరు చివర బోల్టుకు బిగించే లోహపు కొనలోనో (లగ్గు), ఎర్త్ బోల్టు కింద పట్టిన తుప్పులోనో ఉంది. కొత్త బ్యాటరీ బలం దాన్ని కొన్నాళ్ళు కప్పి ఉంచింది, అంతే.

ఇంత చిన్న లోపం అంత పెద్ద బండిని ఎలా ఆపుతుందో లెక్క చూస్తే తెలుస్తుంది. చిన్న పెట్రోలు కారులో ఇంజనును తిప్పి స్టార్ట్ చేసే సెల్ఫ్ మోటారు తిరిగేటప్పుడు సుమారు 100 నుంచి 200 ఆంపియర్లు లాగుతుంది. డీజిల్ బండి 200 నుంచి 400 దాకా లాగుతుంది. 150 ఆంపియర్లు పోయే దారిలో 0.01 ఓము అడ్డు ఉందంటే 1.5 వోల్టులు అక్కడే వేడి రూపంలో పోతాయి. సెల్ఫ్ కొడుతుండగా బ్యాటరీ ఇచ్చేదే పదిన్నర వోల్టులైతే మోటారుకు తొమ్మిదే మిగులుతాయి.

ఆ 0.01 ఓమును మామూలు మల్టీమీటరు ఓము రేంజిలో చూడలేదు. మీటరు సొంత ప్రోబు వైర్లకే అంతకు ఎన్నో రెట్ల అడ్డు ఉంటుంది. "బీప్" మోడ్ ఇంకా మోసం. వందల పోగుల వైరులో రెండే పోగులు మిగిలినా అది బీప్ అంటుంది. అందుకే ఈ పరీక్షలన్నీ సెల్ఫ్ కొడుతూ, కరెంటు పారుతుండగా, వోల్టుల్లోనే చేయాలి. వైరుకు ఆ చివరా ఈ చివరా మధ్య ఎన్ని వోల్టులు తగ్గుతున్నాయో కొలవడమే మొత్తం పని.

కరెంటు దారి

రెండు దారులు ఉంటాయి. లావు దారి: బ్యాటరీ ప్లస్ నుంచి లావు కేబుల్ మీదుగా సెల్ఫ్ సోలనాయిడ్ (సెల్ఫ్ మీద ఉండే అయస్కాంత స్విచ్) పెద్ద బోల్టుకు (దీని నంబరు 30), లోపలి రాగి కాంటాక్టుల గుండా మోటారుకు, మోటారు ఒంటి నుంచి ఇంజను బ్లాకుకు, అక్కడి నుంచి ఎర్త్ పట్టీ (ఇంజనునూ బాడీనీ కలిపే లావు వైరు) ద్వారా తిరిగి బ్యాటరీ మైనస్‌కు. సన్న దారి: తాళం, క్లచ్ స్విచ్ (ఆటోమేటిక్‌లో న్యూట్రల్ స్విచ్), స్టార్టర్ రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్) దాటి సోలనాయిడ్ మీది చిన్న టర్మినల్‌కు, అంటే 50కి. సన్న దారి కరెంటు సోలనాయిడ్‌ను లాగితేనే లావు దారి కలుస్తుంది.

ఇంజను, గేర్‌బాక్సు రబ్బరు మౌంటుల మీద కూర్చుంటాయి. రబ్బరు గుండా కరెంటు పోదు కాబట్టి ఇంజనుకు వేరుగా ఎర్త్ పట్టీ తప్పనిసరి. అది తెగితే కరెంటు దొరికిన దారి వెతుక్కుంటుంది. పాత కార్లలో ఆక్సిలరేటర్ కేబుల్, క్లచ్ కేబుల్, గేర్ కేబుల్ వేడెక్కి పై తొడుగు కరిగిపోవడానికి ఇదే కారణం. సెల్ఫ్ కొట్టగానే అలాంటి కేబుల్ వేడిగా తగిలితే ఇక వెతకక్కర్లేదు, ఇంజను ఎర్త్ పోయింది.

మీటరు తీసే ముందు చెవి, కన్ను

క్యాబిన్ లైటు వేసి, గేర్ న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేకు లాగి తాళం తిప్పండి.

టిక్‌టిక్‌టిక్ అని వేగంగా కొడుతూ లైటు పూర్తిగా కుంగితే బ్యాటరీ డౌన్, లేదా బ్యాటరీ టర్మినల్ దగ్గర పట్టు లేదు. సోలనాయిడ్ లాగుతుంది, లావు కరెంటు మొదలవగానే వోల్టులు పడిపోయి వదిలేస్తుంది, మళ్ళీ లాగుతుంది. ఆ శబ్దం అదే. టిక్‌టిక్ వస్తున్నా, ఒక్క "ఠక్" మాత్రమే వచ్చినా, లైటు బాగా వెలుగుతూనే ఉంటే ఇంజను ఎర్త్ పట్టీ, సెల్ఫ్‌కు పోయే కేబుల్, సోలనాయిడ్ కాంటాక్టులు అనుమానించాలి. బాడీకి ఎర్త్ బాగానే ఉంది గనుక లైటు కుంగలేదు. ఏ శబ్దమూ లేకుండా లైటు అలాగే ఉంటే సన్న దారిలో తప్పు. మోటారు గిర్రున తిరిగి ఇంజను తిరగకపోతే అది బెండిక్స్ (మోటారును ఇంజనుతో కలిపే పళ్ళ చక్రం) సంగతి, వైర్లతో సంబంధం లేదు.

కావలసినవి, జాగ్రత్తలు

డిజిటల్ మల్టీమీటరు, 12 వోల్టుల టెస్టు బల్బు, 10, 12, 13 నంబరు పానాలు, వైరు బ్రష్, ఎమ్రీ పేపరు, వంట సోడా, వాసెలిన్, ఒక జంప్ కేబుల్. మీటరును 20 వోల్టుల డీసీ రేంజిలో పెట్టండి. ఆంపియర్ల రంధ్రంలో ప్రోబు ఉంచి సెల్ఫ్ కొడితే మీటరు కాలిపోతుంది. ఇంటి వైరింగు చేసే ఎలక్ట్రీషియన్ల దగ్గర ఉండే క్లాంప్ మీటర్లలో (వైరును చుట్టి పట్టి కరెంటు కొలిచేవి) చాలావరకు ఏసీ మాత్రమే కొలుస్తాయి. ఈ పనికి డీసీ అని రాసి ఉన్నది కావాలి.

చేతి కడియం, ఉంగరం, గొలుసు తీసేయండి. పానా ప్లస్‌కూ బాడీకీ ఒకేసారి తగిలితే ఎర్రగా కాలుతుంది. బ్యాటరీ విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర. ఛార్జింగులో బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది కాబట్టి దగ్గర బీడీ, అగ్గిపుల్ల వద్దు.

పెట్రోలు కారులో ఫ్యూయల్ పంపు ఫ్యూజు తీసేస్తే ఇంజను అందుకోకుండా సెల్ఫ్ తిరుగుతుంది. డీజిల్‌లో అలా చేయకండి. అక్కడ ఇంజను అందుకునే లోపు వచ్చే ఒక్క సెకను రీడింగు చాలు, ఫోన్‌లో మీటరు వీడియో తీసి ఆపి చూసుకోండి. ఒక్కసారికి 10 సెకన్లకు మించి సెల్ఫ్ కొట్టొద్దు. మధ్యలో కనీసం అర నిమిషం ఆపండి.

1. బ్యాటరీ

బండి ఇప్పుడే ఆపినదైతే హెడ్‌లైట్లు రెండు నిమిషాలు వేసి ఆర్పి, కాసేపు ఆగి కొలవండి. లేకపోతే పైపై ఛార్జి వల్ల ఎక్కువ చూపిస్తుంది. 12.6 నిండు ఛార్జి, 12.4 సుమారు ముప్పావు, 12.2 సగం. 12 కంటే తక్కువైతే ముందు ఛార్జి చేయండి. డౌన్ అయిన బ్యాటరీతో తీసిన మిగతా రీడింగులు దేనికీ పనికిరావు.

తర్వాత ప్రోబులను సీసపు పోస్టుల మీదే ఆనించి సెల్ఫ్ కొట్టండి, వాటిని పట్టుకున్న కేబుల్ క్లాంపు మీద కాదు. 9.6 కంటే కిందికి పోకూడదు. మన ఎండల్లో మంచి బ్యాటరీ 10కి పైనే నిలుస్తుంది. 9.6 కంటే కిందికి పడితే బ్యాటరీ బలహీనం, లేదా మోటారు అతిగా లాగుతోంది. అదే బ్యాటరీ 12 దగ్గరే ఉండిపోయి సెల్ఫ్ తిరగకపోతే కరెంటు అసలు పారడం లేదు. దారిలో ఎక్కడో తెగింది.

రామగుండం, గోదావరిఖని, భూపాలపల్లి వైపు తిరిగే బండ్లకు ఒక చిన్న పరీక్ష అదనంగా చెప్పాలి. నల్ల ప్రోబు మైనస్ పోస్టు మీద ఉంచి, ఎర్ర ప్రోబును బ్యాటరీ పై ప్లాస్టిక్ మీద జరపండి. అర వోల్టుకు మించి కనిపిస్తే బొగ్గు ధూళీ, ఆసిడ్ తడీ కలిసిన పొర గుండా బ్యాటరీ రాత్రంతా కారిపోతోందని అర్థం. వంట సోడా నీళ్ళతో తుడిస్తే ఆ రీడింగు సున్నా దగ్గరికి రావాలి.

2. పోస్టుకూ క్లాంపుకూ మధ్య

ఎక్కువ తప్పులు దొరికేది ఇక్కడే. ఒక ప్రోబు సీసపు పోస్టు మీద, ఇంకొకటి దాన్ని పట్టుకున్న క్లాంపు మీద. సెల్ఫ్ కొట్టండి. 0.1 వోల్టుకు మించకూడదు. ప్లస్‌కూ మైనస్‌కూ విడివిడిగా చూడండి. అర వోల్టు వచ్చిందంటే బయటికి మెరిసే టర్మినల్ అయినా లోపల నల్లటి పొర ఉంది.

పోస్టుల్లో సన్నవీ లావువీ రెండు కొలతలున్నాయి. సన్న పోస్టుకు లావు క్లాంపు వేసి, సందులో మేకో స్క్రూనో కొట్టి బిగించడం చాలా బండ్లలో కనిపిస్తుంది. అలా చేస్తే పట్టు రెండు బిందువుల మీదే ఉంటుంది, సీసం కూడా చీలుతుంది. సరైన కొలత క్లాంపు మార్చడమే మందు.

3. ప్లస్ వైపు

ఎర్ర ప్రోబు ప్లస్ పోస్టు మీద, నల్ల ప్రోబు సెల్ఫ్ మీది 30 బోల్టు మీద. నట్టు మీద కాకుండా బోల్టు కొన మీద ఆనించండి. సెల్ఫ్ కొడుతుండగా 0.3 లోపు ఉంటే మంచిది, 0.5 దాటితే కేబుల్ లేదా లగ్గు పని చూడాలి.

తర్వాత 30 బోల్టుకూ, సోలనాయిడ్ నుంచి మోటారులోకి దిగే రెండో బోల్టుకూ మధ్య. తాళం తిప్పకముందు ఇది 12 చూపిస్తుంది, అది మామూలే. తిప్పగానే 0.3 లోపలికి రావాలి. ఒక వోల్టో రెండో నిలిస్తే లోపలి రాగి కాంటాక్టులు కాలాయి. చాలా రకాల సెల్ఫ్‌లకు ఆ కాంటాక్టులు విడిగా మార్చవచ్చు, మోటారు మొత్తం మార్చనవసరం లేదు.

ఇక్కడ చాలామంది పొరబడేది ఒకటుంది. మోటారు అసలు తిరగకపోతే, అంటే కరెంటే పారకపోతే, బాగా లేని కేబుల్ కూడా 0.00 చూపిస్తుంది. సున్నా వచ్చింది గనుక కేబుల్ బాగుందని అనుకోకండి. సెల్ఫ్ కనీసం మెల్లగానైనా తిరుగుతున్నప్పుడే ఈ అంకెలకు విలువ. దారి పూర్తిగా తెగిన చోటయితే రెండు చివరల మధ్య బ్యాటరీ వోల్టేజీ మొత్తం కనిపిస్తుంది, తప్పు అక్కడే.

4. ఎర్త్ వైపు

ప్రోబులు మైనస్ పోస్టు మీద, సెల్ఫ్ మోటారు ఒంటి మీద. రంగు, జిడ్డు లేని చోటు గీకి ఆనించండి. సెల్ఫ్ కొడుతుండగా 0.2 లోపు ఉండాలి. 0.3 దాటితే దారిని ముక్కలు చేయండి: మైనస్ పోస్టు నుంచి బాడీ బోల్టుకు, బాడీ నుంచి ఇంజను బ్లాకుకు, బ్లాకు నుంచి సెల్ఫ్ ఒంటికి. ఉదాహరణకు మొత్తం 1.4 వచ్చింది అనుకుందాం. మొదటి ముక్క 0.05, మూడోది 0.05 అయితే మిగిలిన 1.3 బాడీకీ ఇంజనుకూ మధ్య పట్టీలోనే పోతోంది. కొన్ని బండ్లలో మైనస్ నుంచి ఒక కేబుల్ నేరుగా గేర్‌బాక్సుకు పోతుంది, అప్పుడు ఆ కేబుల్ రెండు చివరలూ చూడండి.

మీటరు లేని చోట, రోడ్డు పక్కన, జంప్ కేబుల్‌తో తేల్చవచ్చు. ఒక కొన బ్యాటరీ మైనస్ క్లాంపుకు, రెండో కొన ఇంజను మీద రంగు లేని లావు ఇనుముకు గట్టిగా పట్టించి తాళం తిప్పండి. మెల్లగా తిరిగిన ఇంజను చురుగ్గా తిరిగితే ఎర్త్ తప్పే. కదిలే బెల్టు, ఫ్యాన్, పెట్రోలు పైపులకు కేబుల్ దూరంగా ఉండాలి. కొత్త కార్లలో మైనస్ క్లాంపు మీద చిన్న సెన్సార్ డబ్బా ఉంటుంది. దాన్ని పానాతో ఎత్తి లాగకండి, పగిలితే ఖర్చు.

ఎర్త్ పట్టీ దానంతట అదే పోవడం తక్కువ. గేర్‌బాక్సు దించి క్లచ్ ప్లేటు మార్చినప్పుడు పట్టీ తిరిగి బిగించడం మరిచిపోవడం, డెంటింగ్ పెయింటింగ్ తర్వాత ఎర్త్ బోల్టు కింద రంగు పడటం, ఆంప్లిఫయరు, అదనపు లైట్లు పెట్టినవాళ్ళు ఒకే బోల్టు కింద నాలుగైదు లగ్గులు కుక్కడం, ఇవే ఎక్కువ. ఈ మధ్య బండికి ఏ పని చేయించారో ముందు గుర్తు చేసుకోండి. సగం సార్లు జవాబు అందులోనే ఉంటుంది.

5. సన్న దారి

ఎవరైనా తాళం తిప్పి పట్టుకుంటే, 50 టర్మినల్‌కూ సెల్ఫ్ ఒంటికీ మధ్య కొలవండి. బ్యాటరీలో అప్పుడు ఉన్న వోల్టుల కంటే అర వోల్టుకు మించి తగ్గకూడదు. పూర్తి వోల్టేజీ వస్తూ సోలనాయిడ్ కదలకపోతే తప్పు సోలనాయిడ్‌ది. ఏమీ రాకపోతే వెనక్కి నడవాలి.

ముందు డ్యాష్‌బోర్డు మీటర్ల పలకలో ఇమ్మొబిలైజర్ (దొంగతనం ఆపే తాళం) బొమ్మ వెలుగుతోందా చూసి, రెండో తాళం చెవితో ప్రయత్నించండి. క్లచ్ పూర్తిగా తొక్కండి. ఫ్యూజు తీసి చూడండి. తర్వాత రిలే: అదే నంబరు రిలే పక్కన హారన్‌దో, ఏసీదో ఉంటే మార్చి చూడటం అన్నిటికన్నా తేలిక. మారలేదంటే రిలే సాకెట్టులో టెస్టు బల్బు పెట్టండి. రిలేకూ ఒక 30 ఉంటుంది, ఆ గుంతలో ఎప్పుడూ కరెంటు ఉండాలి. తాళం తిప్పినప్పుడు 85, 86 (రిలే లోపలి చుట్ట రెండు కొనలు) మధ్య బల్బు వెలగాలి. కంప్యూటరు నడిపే రిలే అయితే అక్కడ బల్బు బదులు మీటరు పెట్టండి, బల్బు లాగే కరెంటు ఆ వైపు మంచిది కాదు. ఈ రెండూ ఉండి, సోలనాయిడ్ వైపు పోయే 87 నుంచి బయటికి పోవడం లేదంటే రిలే పోయింది. 87 దాకా ఉండి 50కి రాకపోతే ఆ మధ్య వైరు తెగింది. రిలే 30 దగ్గర మీటరు 12 చూపించినా బల్బు మందంగా వెలిగితే, వైరు పోగులు కొన్నే మిగిలాయన్న మాట. మీటరు ఒక్కటే చూస్తే ఈ తప్పు తప్పించుకుపోతుంది.

పొద్దున చల్లగా స్టార్ట్ అయి, జనగామలో చాయ్ కోసం ఆపి పది నిమిషాలకు తాళం తిప్పితే పలకని బండి, అరగంట తర్వాత మామూలుగా స్టార్ట్ అయ్యే బండి, ఈ సన్న దారి రోగమే ఎక్కువసార్లు. రాగి వేడెక్కిన ప్రతి డిగ్రీకి దాని అడ్డు 0.39 శాతం పెరుగుతుంది. ఇంజను వేడికి సోలనాయిడ్ చుట్ట 80 డిగ్రీలు పెరిగితే అడ్డు 30 శాతం ఎక్కువ, దాంతో లాగే బలం తగ్గుతుంది. తాళం స్విచ్‌లోనో, రిలే సాకెట్టులోనో అప్పటికే ఒక వోల్టు పోతుంటే చల్లగా నెట్టుకొచ్చినది వేడిలో లాగలేదు. అందుకే ఈ బండిని వేడిగా ఉన్నప్పుడే కొలవాలి. మెకానిక్ దగ్గరికి చేరేసరికి చల్లబడి అన్నీ బాగున్నట్టు కనిపిస్తుంది.

ఈ వైర్లు తెగడానికి మన ప్రాంతంలో పెద్ద కారణం ఎలుకలు. వడ్లు, పత్తి, మిర్చి దిగే రోజుల్లో గోదాము పక్కనా, ఇంటి షెడ్డులోనా పెట్టిన బండి బానెట్ కింద గింజల పొట్టు, పత్తి పోగులు కనిపిస్తే హార్నెస్‌ను (వైర్ల కట్ట) వేళ్ళతో తడిమి చూడండి. ఇంకొకటి వరద. 2023 జూలైలో వరంగల్, భూపాలపల్లి వైపు వచ్చినట్టి వరదలో మునిగిన బండ్లకు కనెక్టర్లలో, వైరు తొడుగు లోపల చేరిన నీరు నెలల తర్వాత పచ్చటి చిలుముగా బయటపడుతుంది. వైరును మెల్లగా వంచితే మెత్తగా, ఊరికే నలిగినట్టు అనిపించే చోట లోపల రాగి కొట్టుకుపోయి ఉంటుంది.

బాగుచేయడం

టర్మినల్ మీది తెల్లపొడి, చిలుము: గ్లాసు వేడినీళ్ళలో ఒక చెంచా వంట సోడా కలిపి, బ్యాటరీ మూతలు గట్టిగా బిగించి ఉన్నాయని చూసి, మైనస్ విప్పాక పోయండి. నురుగు ఆగేదాకా ఉంచి, మంచినీళ్ళతో కడిగి ఆరనివ్వండి. పోస్టు, క్లాంపు లోపలి భాగం ఎమ్రీతో సీసం మెరిసేదాకా రుద్దండి. పొడిగా బిగించి, ఆ తర్వాత పైన వాసెలిన్ పూయండి. సీసం మెత్తనిది, చేత్తో తిప్పితే కదలనంత బిగిస్తే చాలు.

ఎర్త్ బోల్టు కింద రంగు, తుప్పు లగ్గు వెడల్పున తెల్ల ఇనుము కనిపించేదాకా గీకి, పళ్ళ వాషర్ వేసి బిగించి, చుట్టూ గ్రీజు రాయండి. రంగు మీద బిగించిన లగ్గు ఎంత గట్టిగా ఉన్నా లాభం లేదు.

కేబుల్ మార్చాల్సి వస్తే చిన్న పెట్రోలు కారుకు 25 చదరపు మిల్లీమీటర్లు, డీజిల్‌కు 35, సన్న పోగుల రాగి. 25 వైరు ఒకటిన్నర మీటరు అయితే 150 ఆంపియర్ల దగ్గర దాదాపు 0.15 వోల్టు మాత్రమే పోతుంది, 16 వేస్తే పావు వోల్టు. ఇంటి వైరింగు వైర్లు రెండు మూడు మెలిపెట్టి వేయడం సరిపోదు. రాగి పూత పూసిన అల్యూమినియం కేబుల్ కూడా అమ్ముతారు, కొన చాకుతో గీకితే లోపల తెలుపు కనిపిస్తుంది, అది వద్దు. వెల్డింగ్ సామాన్ల షాపుల్లో దొరికే రాగి వెల్డింగ్ కేబుల్ బాగా పనికొస్తుంది, ఇంజను వేడి తగలకుండా పై తొడుగు వేయాలి. లగ్గును హైడ్రాలిక్ క్రింపింగ్ మిషన్‌తో నొక్కించండి. సుత్తితో కొట్టిన లగ్గు కొన్నాళ్ళకు వదులవుతుంది, టంకం ఒక్కటే పెడితే వేడికి మెత్తబడుతుంది. పాత కేబుల్‌కే లగ్గు వేస్తుంటే, కత్తిరించిన చోట రాగి నల్లగా ఉంటే మెరిసే రాగి వచ్చేదాకా వెనక్కి కోయండి. ఆసిడ్ తొడుగు లోపల చాలా దూరం పాకుతుంది.

అన్నీ సరిగా ఉన్నా తిరగకపోతే

సెల్ఫ్ ఒంటికీ మోటారు బోల్టుకూ మధ్య 11 వోల్టులు వస్తూ మోటారు నిలబడితే కార్బన్ బ్రష్‌లు అరిగాయి, లేదా కమ్యుటేటర్ పోయింది. సెల్ఫ్ విప్పాల్సిందే. దీనికి భిన్నంగా, ప్రతి ముక్కలోనూ కొంచెం కొంచెం ఎక్కువ వోల్టులు పోతూ, బ్యాటరీ 9 కిందికి పడుతుంటే మోటారు బుష్‌లు పట్టేసి ఎక్కువ లాగుతోంది, లేదా ఇంజనే బిగుసుకుంది. డీసీ క్లాంప్ మీటరులో చిన్న పెట్రోలు కారుకు 250 ఆంపియర్లు దాటి నిలబడితే ఆ అనుమానం ఖాయం చేసుకోవచ్చు. క్రాంక్ పుల్లీ బోల్టును పానాతో చేత్తో తిప్పి చూడండి.

బండి స్టార్ట్ అయ్యాక ఒక కొలత మిగిలి ఉంటుంది. ఇంజను ఎర్త్ బాగా లేనన్నాళ్ళూ ఆల్టర్నేటరు ఛార్జి కూడా అదే దారిన పోయింది కాబట్టి బ్యాటరీ అర్ధాకలితో ఉంటుంది. హెడ్‌లైట్లు, ఏసీ వేసి, ఇంజను వేగం కొంచెం పెంచి, బ్యాటరీ పోస్టుల మీద 13.8 నుంచి 14.5 మధ్య ఉందా చూడండి. తర్వాత ఆల్టర్నేటరు ఒంటికీ మైనస్ పోస్టుకూ మధ్య 0.2 లోపు ఉండాలి. అది సరిగా ఉంటే బ్యాటరీని ఒక రాత్రి బయట ఛార్జరు మీద పెట్టండి, 35 ఆంపియర్ అవర్ బ్యాటరీకి 3.5 ఆంపియర్లు చాలు. మర్నాడు పొద్దున మళ్ళీ రెండో పరీక్షా, నాలుగో పరీక్షా చేసి, వచ్చిన అంకెలు బానెట్ లోపలి వైపు ఒక స్టిక్కరు మీద తేదీతో రాసి పెట్టండి. మరో ఏడాదికి సెల్ఫ్ మెల్లగా తిరిగితే ఏ ముక్కలో అంకె పెరిగిందో అక్కడే పానా పెట్టవచ్చు.